ఫోన్లో వచ్చిన సర్టిఫికెట్

ఆన్‌లైన్ సర్టిఫికెట్ల మాటెత్తితే నవ్వేవాళ్లంటే నాకు ఇప్పటికీ కోపం. వాళ్లతో నోటి వాదన పెట్టుకోను. వాదనకు దిగితే నా గొంతు పక్క వీధికి వినబడుతుందని మా ఇంట్లో అందరూ అంటారు. అందుకని రాస్తున్నాను. రాతకు గొంతుండదు కాబట్టి కనీసం చివరిదాకా వింటారని ఆశ.

నేను పనిచేసేది చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు తీసే కంపెనీలో. మా వైపు దాన్ని జ్యూస్ ఫ్యాక్టరీ అంటారు. తోతాపురి కాయలు లారీల్లో వస్తాయి. వాటిని మాగబెట్టి, కడిగి, కోసి, టెంకలు తీసేసి, గుజ్జును వేడిచేసి పెద్ద సంచుల్లో నింపుతారు. ఆ సంచులు డ్రమ్ముల్లోకెక్కి ఓడల మీద బయటి దేశాలకు పోతాయి. తిరుపతిలో బీఎస్సీ చదివి, పెళ్లయి చిత్తూరు పక్క పల్లెకు కాపురానికి వచ్చాక, ఆ ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. గుజ్జులో తీపి ఎంత, పులుపు ఎంత, నల్లమచ్చలు ఉన్నాయా అని చూసి చెప్పడం నా పని. ఆ పని ఇప్పించింది మా అత్త. ఆమె అదే ఫ్యాక్టరీలో కాయలు కోసే ఆడవాళ్లకు మేస్త్రీ. మా అత్త కోతల షెడ్డులోకి వస్తే కత్తుల చప్పుడు తప్ప ఇంకో చప్పుడు ఉండదు.

ఫ్యాక్టరీలో నన్ను ల్యాబ్ పాప అనేవాళ్లు. ఒక కూతురికి తల్లినయ్యాక కూడా ల్యాబ్ పాపనే. నాకు కావలసిన పేరు వేరే ఉండేది. క్వాలిటీ ఇన్‌చార్జ్. గుజ్జు బయటికి పోవచ్చా, ఆపాలా అని చెప్పే హక్కు ఆ మనిషిది. ఆ మనిషి ఆపితే ఆగాలి.

కానీ సీజన్ ముందర మా ఓనరుగారు ఎక్కడినుంచో ఒకరిని పిలిపించి ఆ పదవి ఇచ్చేవారు. ఒక ఏడు బెంగుళూరు ఆయన, ఒక ఏడు చెన్నై ఆయన. వచ్చినాయనకు ఏ వాల్వు ఎటు తిరుగుతుందో, ఏ షెడ్డులో కాయ ముందు మాగుతుందో నేనే చూపించాలి. ఆయన అంతా నేర్చుకునేసరికి కాయలు అయిపోయేవి. ఆయన పెట్టె సర్దుకుని వెళ్లిపోయేవాడు, నేను మిగిలేదాన్ని. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

ఒకసారి ఉండబట్టలేక ఓనరుగారినే అడిగేశాను. ఆయన చెడ్డవారు కాదు. నిజం మొహం మీద చెప్పే రకం.

"నీకు పని రాదని యెవురన్నారు పాపా? పని నీకే బాగా వచ్చు. కానీ కొనేవోళ్లు వచ్చి, ఈయమ్మ దీంట్లో ఏం సదివిందప్పా అంటే నేనేం సూపించేది? నీకాడ ఏముండాది?"

నా దగ్గర ఏమీ లేదు. ఆ మాట నిజం కాబట్టే ఒళ్లు ఇంకా ఎక్కువ మండింది.

ఆ మంటలోనే ఫోన్లో వెతికి, కంటికి కనబడ్డ మొదటి కోర్సులో చేరాను. వీడియోలు ఆడుతూ ఉంటే చాలు, చూసినట్టే లెక్క. సంగటి కెలుకుతూ ఒక వీడియో, బట్టలు ఆరేస్తూ ఒక వీడియో. ఆఖర్న బంగారు అంచుతో సర్టిఫికెట్ వచ్చింది. చిత్తూరులో కలర్ ప్రింటు తీయించి, ప్లాస్టిక్ తొడుగు వేయించి, ఓనరుగారి టేబుల్ మీద పెట్టాను. ఆయన దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశారు.

"ఫోన్లో వచ్చిందా? చానా బాగుండాది. ఇంట్లో దేవుడి పటం పక్కన తగిలించుకో."

ఆఫీసులో వాళ్లంతా నవ్వారు. ఇంటికొచ్చి గిన్నెల మీద నా ప్రతాపం చూపించాను. కోపం దిగాక ఆలోచిస్తే, ఆ కోర్సులో చెప్పిన ఒక్క ముక్క కూడా నాకు గుర్తు రాలేదు. నవ్వేవాళ్ల నవ్వులో ఆ మాత్రం న్యాయం ఉందని ఒప్పుకుంటాను. అట్లాంటి సర్టిఫికెట్లు ఉన్నాయి, బోలెడన్ని ఉన్నాయి. అయితే బియ్యంలో రాళ్లున్నాయని అన్నం మానేస్తామా? ఏరుకోవాలి, అంతే.

ఏరడానికి సాయం చేసింది ఆ ఏడు వచ్చిన చెన్నై ఇన్‌చార్జే. మంచి మనిషి. సీజన్ అయిపోయి బయలుదేరే రోజు నన్ను పిలిచి, బయటి దేశాల కొనుగోలుదారులు ఒప్పుకునే ఆహార భద్రత కోర్సు ఏదో చెప్పాడు. "ఇది చేస్తే ఎవరూ నవ్వరమ్మా. కానీ చేసేటప్పుడు నువ్వు ఏడుస్తావు" అన్నాడు. రెండు మాటలూ నిజమయ్యాయి.

ఏడుపు మొదట ఇంగ్లీషుతో వచ్చింది. పాఠం చెప్పే ఆయన ఏ దేశం వాడో గానీ, ముక్కుతో గబగబా మాట్లాడేవాడు. నేను వీడియో వేగం తగ్గించి వినేదాన్ని. తగ్గిస్తే గొంతు సాగి సాగి వచ్చేది. మా అత్త వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, "పాపం ఆయప్పకు ఒళ్లు బాగలేదా మే? అట్ల మూలగతా సెప్తాండాడు. రేపు సెప్పుకోవచ్చు గదా" అనేది. పొద్దున కొళాయి నీళ్లు వచ్చేలోపు ఒక పాఠం, కూతురు బడికి పోయాక ఒక పాఠం. అర్థం కాని చోట మళ్లీ వెనక్కి. బీఎస్సీలో ఉన్నప్పుడు కూడా నేను అంత మనసు పెట్టి చదవలేదు.

ఆ కోర్సులో నన్ను మార్చింది ఒక ఇంటిపని. మీరు పనిచేసే చోట మొదటి నుంచి చివరిదాకా నడవండి, తినే పదార్థంలోకి ఏది పడే వీలుందో, ఎక్కడ పడే వీలుందో రాయండి అన్నారు. ఇంతేనా అనుకున్నాను. కాయలు లేని కాలం కాబట్టి ఫ్యాక్టరీ ఖాళీగా ఉంది. గేటు దగ్గర మొదలుపెట్టి నడుచుకుంటూ పోయి, గుజ్జును సంచుల్లో నింపే గదిలోకి వచ్చాను. మొత్తం ఫ్యాక్టరీలో అన్నిటికన్నా శుభ్రంగా ఉండవలసిన గది అది. గుజ్జు అక్కడికి వచ్చేసరికి ఉడకబెట్టడం అయిపోయి ఉంటుంది. ఇక ఏది పడినా పడినట్టే, మళ్లీ కడిగేది లేదు, వడగట్టేది లేదు.

నింపే మిషన్ తలమీద వాడిపోయిన బంతిపూల దండ. గడపకు నిమ్మకాయలు, ఎండుమిరపకాయలు గుచ్చిన దారం. మిషన్ ఒంటికి పసుపు కుంకుమ బొట్లు, పొరలు పొరలుగా రాలుతూ. కింద మూలలో టెంకాయ పెచ్చులు, పీచు. గోడమీద కర్పూరం మసి.

అవన్నీ సీజన్ ఆరంభపు పూజవి. ప్రతి ఏడూ మొదటి కాయ ఫ్యాక్టరీలో పడే రోజున ఆ మిషన్ ముందరే టెంకాయ కొట్టి, హారతి ఇచ్చి, చిల్లర వేసిన బూడిద గుమ్మడికాయను కుంకుమ నీళ్లతో గదిలోనే పగలగొడతారు. మిషన్‌కు పూజ చేయకుండా పని మొదలుపెట్టే మనిషి మా జిల్లాలో లేడు. ఆ దండను నేను సీజనంతా చూస్తూనే ఉన్నాను, దానికి దండం కూడా పెట్టాను. ఒక్కసారి కూడా అది గుజ్జులో రాలుతుందేమో అని తట్టలేదు. ఆ రోజు మాత్రం మొదట రాసుకున్నది ఆ దండనే. సర్టిఫికెట్ వల్ల ఏమొచ్చింది అని ఎవరైనా అడిగితే, ముందు చూపు వచ్చింది అని చెబుతాను. తర్వాతవన్నీ తర్వాత వచ్చాయి.

ఇక పరీక్ష. దాన్ని ఇంట్లోనే, కంప్యూటర్ కెమెరా ముందు కూర్చుని రాయాలి. ఎక్కడో కూర్చున్న మనిషి మనల్ని చూస్తూ ఉంటాడు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. మా ఆయన ఎవరిదగ్గరో ల్యాప్‌టాప్ అడిగి తెచ్చాడు, కూతురిని తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. అత్తకు అంతా వివరించి చెప్పాను. తల ఊపింది. తలుపు దగ్గరగా వేసి కూర్చున్నాను.

ప్రశ్నలు బాగానే వచ్చాయి. నేను ఉత్సాహంగా రాసుకుంటూ పోతుంటే వెనక తలుపు కిర్రుమంది. తల తిప్పకూడదు కదా, తిప్పలేదు. తెరమీద చిన్న చదరంలో నా మొహం వెనక మా అత్త కనబడింది. గుప్పిట్లో ఉప్పు, ఎండుమిరపకాయలు. నేను గుడ్లురిమాను. కెమెరాలో గుడ్లురిమితే ఆమెకేం తెలుస్తుంది? నా తల చుట్టూ ఇటు మూడుసార్లు, అటు మూడుసార్లు తిప్పింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని గొణిగింది. పైగా గుప్పిట నా మొహం ముందు పెట్టి, "తూ అని ఊయ్" అంది.

తెర నల్లబడింది. పరీక్ష ఆపేశాము అని వచ్చింది.

మర్నాడు మెయిల్ వచ్చింది. అభ్యర్థి గదిలో రెండో వ్యక్తి ప్రవేశించి, చేతి సైగల ద్వారా జవాబులు అందించినట్టు అనుమానం కలుగుతోందని అందులో ఉంది. చదివి ముందు ఏడ్చాను, తర్వాత ఎంత ఆపుకున్నా నవ్వు ఆగలేదు. మా అత్త మాత్రం తగ్గలేదు. "పరీచ్చ రాస్తాండానని వీధంతా సెప్పుకున్యావు. ఎదురింటామె కండ్లు మంచివి గావు. తీయకుంటే ఇంకేమై ఉండునో" అంది. ఇంకేం కావాలో నాకు అర్థం కాలేదు.

దిష్టి తీయడం అంటే ఏమిటో ఇంగ్లీషులో రాయడానికి నాకు పొద్దంతా పట్టింది. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు, ఆమె చేతిలో ఉన్నవి జవాబులు కావు, ఉప్పు మిరపకాయలు, నామీద ఎవరి కన్నూ పడకూడదని ఆమె చేసిన పని అది, కావాలంటే వీడియో మళ్లీ చూసుకోండి అని రాశాను. చూసుకున్నట్టున్నారు. మళ్లీ రాయడానికి ఒప్పుకున్నారు. ఈసారి ఇల్లు వద్దనుకుని, తిరుపతిలో నాతో చదువుకున్న స్నేహితురాలి ఇంటికి వెళ్లాను. బస్సెక్కే ముందు అత్త తాను చేయవలసింది మా గుమ్మంలోనే పూర్తి చేసింది. "ఈసారి ముందుగానే తీసేసినా. ఇంక యెవురూ నిన్ను ఆపలేరు" అంది. స్నేహితురాలి గదిలో కూర్చుని, ఎవరూ రాకుండా, ఏమీ తిప్పకుండా, పరీక్ష రాసి పాసయ్యాను. ఫలితం చూసుకుని ఆ ఇంటి మేడమీదికి పోయి గట్టిగా అరిచాను. ఎదురుగా కొండ కనబడుతోంది. దండం పెట్టడం కూడా అరుస్తూనే పెట్టాను.

ఈ రెండో సర్టిఫికెట్‌కు బంగారు అంచు లేదు. దానిమీద ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు కొడితే ఎవరైనా సరే నిజమో అబద్ధమో చూసుకోవచ్చు. ఓనరుగారు తన ముందరే కొట్టించి చూసుకున్నారు. మరుసటి ఏడు రావలసిన ఇన్‌చార్జ్ వేరే చోట ఉద్యోగం దొరికిందని సరిగ్గా సీజన్ ముందర రానన్నాడు. పైగా కొనే కంపెనీ వాళ్లు సీజన్ మధ్యలో శుభ్రత తనిఖీకి ఆడిటర్‌ను పంపిస్తామన్నారు. ఆ ఆడిట్ పోతే సరుకు తీసుకోరు. ఓనరుగారికి ఊపిరాడటం లేదు.

"ఇది గూడా ఫోన్లో వచ్చిందేనా?" అన్నారు.

"ఫోన్లోనే వచ్చింది సార్. పరీక్ష రాస్తే వచ్చింది."

"సరే పాపా. ఈ ఆడిట్ గట్టెక్కించు, ఇన్‌చార్జ్ నువ్వే. గట్టెక్కకపోతే మళ్లా బయటినుంచి తెచ్చుకుంటా. అప్పుడు మొగం మాడ్చుకోకూడదు."

నాకు కావలసిన మాట వచ్చింది. ఎంత సంతోషమో అంత భయం. ఎందుకంటే ఆ నింపే గదిలో పూజ ఆగకపోతే ఏ ఆడిటరూ మమ్మల్ని పాస్ చేయడు. ఆ పూజ ప్రతి ఏడూ చేసేది, హారతి పట్టేది, గుమ్మడికాయ పగలగొట్టించేది మా అత్త. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నాకు ఇల్లే పెద్ద రచ్చ అయింది.

అన్నం దగ్గర మెల్లగా చెప్పాను. గదిలో పువ్వులు వద్దు, టెంకాయ వద్దు, గుమ్మడికాయ వద్దు. అత్త ముద్ద కలపడం ఆపింది.

"అంటే నీ కాగితంలో అమ్మోరిని గూడా పురుగుల్లో చేర్చినారా మే?"

"అమ్మోరిని చేర్చలేదత్తా. టెంకాయ పెచ్చును చేర్చినారు."

"మిషన్‌కు దిష్టి తగిలి ఆగిపోతే నీ ఫోను వచ్చి తిప్పతాదా?"

కంచం తీసుకుని లేచిపోయింది. అప్పటినుంచి నాతో మాటల్లేవు. కూర గిన్నె నాకు అందించాలన్నా మా కూతురి ద్వారా అందించేది. మా ఆయన రెండువైపులా తల ఊపి, తప్పించుకుని తిరిగేవాడు. నాకు మొండితనం ఎక్కువ, ఆమెకు ఇంకా ఎక్కువ. ఒకటి మాత్రం నాకు తెలుసు. ఓనరుగారి చేత ఆజ్ఞ వేయించి పూజ ఆపించవచ్చు. ఆపిస్తే కోతల షెడ్డులో ఒక్క ఆడమనిషి కూడా నా మాట వినదు, నేను ఇన్‌చార్జ్ అయినా కానట్టే.

అంతలో గంగమ్మ జాతర వచ్చింది. మామిడి సీజన్‌కు కాస్త ముందరే వస్తుంది. అందరితోపాటు మేమూ గుడి దగ్గర పొంగళ్లు పెట్టడానికి పోయాం. అత్త తలస్నానం చేసి, జుట్టు గట్టిగా ముడేసి, మూడు రాళ్ల పొయ్యి మీద కొత్త కుండ పెట్టింది. పొంగలి పెట్టేటప్పుడు ఆమె ఇంకో మనిషి. రుచి చూడదు, అనవసరంగా నోరు తెరవదు, కొంగు మంటకే కాదు, కుండకు కూడా తగలనివ్వదు. మా కూతురు జడలు వేలాడేసుకుని కుండలోకి తొంగిచూసింది. అత్త ఒక్క అరుపు అరిచింది.

"ఏందిమే అట్ల వంగతావు? పూలు రాలితే? వెంట్రుక పడితే? ఆ పొంగలి అమ్మోరికి ఎట్ల పెట్టేది? దూరం పో!"

నేను పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తున్నదాన్ని అట్లాగే ఉండిపోయాను. నేను నెలల తరబడి ఇంగ్లీషులో నేర్చుకున్నదంతా ఆమె ఒక్క అరుపులో చెప్పేసింది. నాకు పట్టరాని సంతోషం వచ్చింది.

"అత్తా" అన్నాను, మాటల్లేవన్న సంగతి మరిచిపోయి. "ఫ్యాక్టరీలో ఆ నింపే గది గూడా ఇట్లాంటి కుండే గదా."

"యాడికి యాడ ముడేస్తాండావు?"

"అమ్మోరికి పెట్టేదాంట్లో పువ్వు రాలకూడదు. మరి ఊరుగాని ఊర్లో పసిపిల్లోళ్లు తాగేదాంట్లో పువ్వు రాలొచ్చా? టెంకాయ పెచ్చు పడొచ్చా? ఆ గదిలో గుజ్జు ఉడికిపోయి ఉంటాదత్తా. మళ్లా కడిగేది లేదు."

కుండ అంచుదాకా నురగ వచ్చింది. "పొంగినాక మాట్లాడదాం, నువ్వు మంట సూడు" అంది. పొంగింది. పసుపు నీళ్లు చల్లింది, దండం పెట్టుకుంది. ఇంటికి నడిచి వస్తుంటే సగం దారిలో తనే కదిపింది.

"పూజ మానేది మాత్రం ఉండదు. మరి యాడ సెయ్యమంటావు?"

నాకు అక్కడే గంతులేయాలనిపించింది. గేటు లోపల మొదటి లారీ వచ్చి ఆగే చోటు చెప్పాను. ఆలోచించి, "కాయ కాలు పెట్టే తావు. బాగానే ఉండాది" అంది.

సీజన్ మొదటి రోజు ఓనరుగారు పట్టుపంచె కట్టుకుని, చేతిలో దండతో తిన్నగా నింపే గదివైపు నడిచారు. గేటు దగ్గరనుంచి మా అత్త కేక వేసింది. "సామీ, ఆడ గాదు. ఈడ."

ఆయన ఆగిపోయారు. "మా నాయన కాలం నుంచి మిషన్ ముందరే గదా కొట్టేది?"

నేను నోరు తెరవబోయాను. అత్త నన్ను చేత్తోనే ఆపింది. "మీ నాయన కాలంలో గుజ్జు మన దేశంలోనే తిరగతా ఉండె. ఇప్పుడు సముద్రాలు దాటతాండాది. దేవుడు యాడైనా ఉంటాడు సామీ. టెంకాయ పెచ్చు మాత్రం యాడంటే ఆడ ఉండకూడదు."

ఈ మాట నేను నేర్పింది కాదు. షెడ్డు ఆడవాళ్లంతా అత్త వెనక నిలబడి ఉన్నారు. ఓనరుగారు వాళ్లను చూశారు, నన్ను చూశారు, వెనక్కి వచ్చి మొదటి లారీ చక్రం ముందర టెంకాయ కొట్టారు. గుమ్మడికాయ గేటు బయట పగిలింది. ఆ సీజన్లో మిషన్ ఎక్కడా మొండికేయలేదు. అది దిష్టి తీసినందుకా, సరిగ్గా కడిగినందుకా అని మా ఇంట్లో ఇప్పటికీ రెండు పక్షాలున్నాయి.

నింపే గది వాకిట్లో ఎవరిని నిలబెట్టాలా అని నేను తల బద్దలు కొట్టుకోలేదు. అత్తను షెడ్డు నుంచి తీసి అక్కడ పెట్టాను. లోపలికి పోయేవాళ్లు చేతులు కడిగారా, టోపీ పెట్టారా, ఒంటిమీద రాలిపడేది ఏమైనా ఉందా చూడడం ఆమె పని. మొదటివారం మెకానిక్ చొక్కా జేబులో స్క్రూలు వేసుకుని వచ్చి, "ల్యాబ్ పాప పెట్టిన రూలేనా? నేను పెద్ద మెకానిక్‌ను అమ్మా" అన్నాడు. "పెద్ద మెకానిక్‌వే గానీ, జేబు ఆడ ఖాళీ సెయ్" అంది అత్త. చేశాడు. అప్పటినుంచి ఆ వాకిట్లో పెద్దా చిన్నా లేదు.

తర్వాత ఆడిటర్ వచ్చాడు. హైదరాబాద్ మనిషి, మితంగా మాట్లాడతాడు, నవ్వడు. పాసయ్యామని ఇప్పుడే చెప్పేస్తున్నాను, దాన్ని దాచిపెట్టి మిమ్మల్ని ఊరించను. చిన్న చిన్న లోపాలు చెప్పాడు, దిద్దుకున్నాం. నేను చెప్పాలనుకున్నది ఆ రోజు నింపే గది వాకిట్లో జరిగింది.

ఆడిటర్, ఓనరుగారు, నేను అక్కడికి వచ్చాం. అత్త దారికి అడ్డంగా నిలబడింది. ఆడిటర్ చేతులు కడుక్కున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, లోపలికి అడుగు వేయబోయాడు.

"సార్, ఆ చొక్కా చెయ్యి పైకి లాగండి" అంది అత్త.

లాగాడు. మణికట్టుకు గడియారం ఉంది. "అది తీసి ఈడ పెట్టి పోండి." అతను తీసి పెట్టాడు. అడుగుతారా లేదా అని కావాలనే పెట్టుకుని వచ్చాడని నాకు అప్పుడు అర్థమైంది.

వెనకే ఓనరుగారు. రెండు చేతులకూ ఉంగరాలు, వాటిలో ఒకటి రాళ్లు పొదిగిన పాత ఉంగరం. ఆయన ఆ గదిలోకి రావడం చాలా తక్కువ. వచ్చినా ఆయన్ను ఆపాలని ఎవరికి తడుతుంది?

"ఉంగరాలు తీయాల సామీ" అంది అత్త.

ఆయన నావైపు తిరిగారు. ఆ చూపుకు అర్థం నాకు బాగా తెలుసు. ఈ ముసలామెకు చెప్పు పాపా అని. నాకు ఉద్యోగం ఇచ్చిన మనిషి, జీతమిచ్చే మనిషి. పక్కనే ఆడిటర్, చేతిలో పెన్ను. నేను అవుననాలి, లేదా కాదనాలి. కానీ ఇన్నాళ్లూ కోరుకున్నది ఈ ఒక్క మాట అనే హక్కే కదా అనిపించింది.

"తీయాలి సార్" అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. మిగతా ఉంగరాలు వచ్చేశాయి. రాళ్ల ఉంగరం వేలికి బిగిసిపోయి రాలేదు. అత్త కొళాయి తిప్పి, సబ్బు నీళ్లు చూపించింది. మా ఫ్యాక్టరీ ఓనరుగారు నురగ చేతులతో కొళాయి దగ్గర నిలబడి వేలు రుద్దుకుంటుంటే, లోపల పనిచేసేవాళ్లంతా కిటికీ అద్దంలోనుంచి చూస్తున్నారు. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

ఆడిటర్ ఆ రోజు మొదటిసారి నేరుగా ఆయన్ను అడిగాడు. "ఇక్కడ ఆఖరి మాట ఎవరిదండీ?"

ఓనరుగారు గట్టిగా ఒక్క లాగు లాగారు. ఉంగరం ఊడి వచ్చింది. దాన్ని ఆడిటర్ గడియారం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, నన్ను చూపించారు.

"సూస్తానే ఉండారు గదా సార్. నాది గాదు. ఈమెది. మా క్వాలిటీ ఇన్‌చార్జ్."

నాతో ఒంటరిగా చెప్పి ఉంటే ఆ మాటను నేను ఇంతగా పట్టించుకునేదాన్ని కాదేమో. మా అత్త ముందర, మెకానిక్ ముందర, అద్దం వెనకున్న వాళ్లందరి ముందర చెప్పారు. ఆడిటర్ రాసుకున్నాడు. నేను చేతులు కడుక్కుని, టోపీ సరిచేసుకుని, వాళ్లిద్దరికీ ముందు నడిచి లోపలికి వెళ్లాను.